చాటుచెవియు చట్టమును
(ఒక పఠనమందిరమున నొసంగిన యుపన్యాసము)



నేడు నేను ప్రస్తావింపబూనిన విషయము టెలిఫోనులను చాటుగా వినుట. నేరపరిశోధనకై పోలీసువారు మన సంభాషణములను మనకు తెలియకుండ వినవచ్చునా? వినవచ్చునేని ఎవరి యనుమతిపై వినవలెను? విన్న పిమ్మట ఆ సంగతి మనకు చెప్పవలదా? ఈ మూడు ప్రశ్నలలో మొదటిదానిని గూర్చి మన దేశమున కావలసినంత చర్చ జరిగినది. రెండవదానిని గూర్చి కొంత జరిగినది. మూడవదానిని గూర్చి పలుకువారే యరుదు. నా యభిప్రాయమున మూడవదియే తక్కిన రెంటికిని ప్రాణము.

పోలీసువారు ఒక గృహస్థుని యిల్లు సోదా చేయవలెనన్న ఏమేమి జరుగవలెనో మీరెఱుగుదురు. సామాన్యముగ న్యాయాధికారియొద్ద వారంటు పుచ్చుకొనవలెను. వారంటు లేక వచ్చినచో దానికి కారణమును వ్రాసిపెట్టవలెను. ఆ వాడలోని పెద్దమనుష్యులను ఇద్దఱినైనను పంచులుగ పిలువవలెను. దొరికిన వస్తువులకు పట్టిక వ్రాసి, పంచులచేత సంతకములు చేయించి, నకలు ఇంటివాని కీయవలెను. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో నీ పద్ధతి యుండెను. దాని స్థానమున వచ్చిన 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఉన్నది. సోదాను వీడియో తీయవలెనను నియమము కూడ నందు చేరినది. స్టేషను ముంగిట కాఫీకొట్టు పెట్టుకొన్నవాడే ప్రతి పంచనామాలోను పెద్దమనుష్యుడగుట మీరెఱుగనిది కాదు. అయినను నియమమన్నది యొకటి కలదు. అది తప్పినచో న్యాయస్థానమున నిలిచి యడుగుటకు ఇంటివానికి చోటు కలదు.

ఆ పోలీసువారే మన మాటలను సోదా చేయదలచినచో వారంటు లేదు, పంచులు లేరు, పట్టిక లేదు, నకలు లేదు. ఇంటివాడు ఇంటనే కూర్చుండియుండును, సోదా జరుగుచునే యుండును, అతడెఱుగడు. అతనితోబాటు అతనికి ఫోను చేసిన కూతురును, వైద్యుడును, వకీలును, అప్పిచ్చినవాడును సోదాకు లోనగుదురు. వారును ఎఱుగరు.

ఈ యధికారము మనకు ఇంగ్లీషు దొరతనమువారు విడిచిపోయిన యాస్తి. వారు 1885 లో ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టమును చేసిరి. అప్పటికి కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు వెలసి మూడేండ్లే. ఆ యేటి డిసెంబరులోనే బొంబాయిలో కాంగ్రెసు పుట్టినది. ప్రజలకు ఆపద వాటిల్లినపుడు గాని, ప్రజాక్షేమముకొఱకు గాని తంతివార్తలను పట్టి చూడవచ్చునని ఆ చట్టము అయిదవ సెక్షను చెప్పెను. 1898 లో పోస్టాఫీసు చట్టము వచ్చెను. ఉత్తరములను గూర్చియు అట్టి యధికారమే. అందొక విచిత్రమైన నిబంధన కలదు. నిజముగ నాపద కలదా లేదా యను సంశయము పుట్టినచో, కలదని ప్రభుత్వము వ్రాసి యిచ్చిన కాగితమే నిర్ణాయకమైన సాక్ష్యము. అనగా ఉత్తరము చించినవారే చించుటకు కారణము కలదని చెప్పుకొన్న చాలును. మన పెద్దలు కారాగారములకు పోవుచు వచ్చుచునున్న కాలమున వారి యుత్తరములు ఏ వెలుగులో చదువబడినవో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ పోస్టాఫీసు చట్టము స్వరాజ్యము వచ్చిన తరువాత డెబ్బదియైదేండ్లకు పైగ మన చట్టముగనే నిలిచి, 2023 నాటి క్రొత్త చట్టమునకు చోటిచ్చినది.

టెలిగ్రాఫ్ చట్టమును మాత్రము 1972 లో మన పార్లమెంటు కొంత దిద్దెను. ప్రజాపత్సమయముగాని, ప్రజాక్షేమావసరముగాని ఉండవలెను. అది యుండుట చాలదు, దానికి తోడు దేశము సార్వభౌమత్వసమగ్రతలు, రాజ్యభద్రత, పరదేశములతో మైత్రి, శాంతిభద్రతలు, నేరమునకు ప్రేరేపించుటను నివారించుట అను వానిలో నొకదానికై వినుట యవసరమని తోచవలెను. ఆ కారణమును వ్రాసిపెట్టవలెను. ఈ పట్టికను నెమ్మదిగ చదువుడు. జరిగిపోయిన నేరమును పరిశోధించుట యను మాట యిందెచ్చటను లేదు. నేరప్రేరణమును నివారించుట వేఱు, నేరమును శోధించుట వేఱు. కంప్యూటరు ద్వారమున పోవు వార్తలను గూర్చిన చట్టములో, 2008 లో దిద్దిన పిమ్మట, ఏ నేరమునైనను పరిశోధించుటకు వినవచ్చునని స్పష్టముగ వ్రాసినారు. టెలిఫోను చట్టములో వ్రాయలేదు. 2023 లో టెలికమ్యూనికేషన్ల చట్టమును క్రొత్తగ చేసినపుడు కూడ ఇరువదవ సెక్షనులో ఆ పాత పట్టికయే తిరుగ వ్రాసిరి. అయినను లంచపుకేసులలోను, ఇతరములగు సామాన్యనేరములలోను పోలీసువారు విన్న సంభాషణములు న్యాయస్థానములకు వచ్చుచునే యున్నవి. దీనికి సమాధానమేమో పిదప చూతము.

మన రాజ్యాంగమున గోప్యత యను పేరుతో ప్రాథమికహక్కు వ్రాయబడలేదు. 1954 లో ఎనమండుగురు న్యాయమూర్తుల పీఠము సోదాలకు సంబంధించిన యొక వ్యాజ్యమున అట్టి హక్కును గుర్తింప నిరాకరించెను. 1962 డిసెంబరులో ఖరక్ సింగు వ్యాజ్యమున తీర్పు వచ్చెను. అతడు ఉత్తరప్రదేశమువాడు, బందిపోటు కేసులో పట్టుబడి, సాక్ష్యము లేక విడువబడినవాడు. కేసు విడిచినను పోలీసువారు విడువలేదు. హిస్టరీషీటు తెఱచిరి. రాత్రులందు తలుపు తట్టి లేపుచుండిరి. ఊరు విడిచిన నెచ్చటికని యడుగుచుండిరి. ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు, రాత్రివేళ ఇల్లు చొచ్చుట మాత్రము తప్పనియు, తక్కిన నిఘా చెల్లుననియు, గోప్యత మన రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనియు చెప్పిరి. ఇద్దఱు సమ్మతింపలేదు. ఆ యిద్దఱి పక్షమున తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించి, 1954 లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, పిమ్మట సుప్రీముకోర్టున కరిగిన కోకా సుబ్బారావుగారు. పేరు వ్రాయకున్నను గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యములో విడదీయరాని భాగమని వారు తేల్చిరి. కాలికి సంకెల లేనంతమాత్రమున మనుష్యుడు స్వతంత్రుడు కాడు, తన్నొకరు గమనించుచున్నారను భయము మనస్సును సంకెలవలెనే బంధించును అనునది వారి తర్కసారము. దాదాపు ఏబదియైదేండ్లకు, 2017 ఆగస్టు 24 వ తేదీన, తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ గోప్యతను ప్రాథమికహక్కుగ ప్రకటించి, ఆ నలుగురి మాటను కొట్టివేసి, సుబ్బారావుగారి మాటను నిలిపిరి. గోదావరి యొడ్డువాడొకడు చెప్పిన మాట దేశమంతటికిని శాసనమైనదని మనము గర్వింపవచ్చును. కాని గర్వించి యూరకుండిన లాభము లేదు.

ఈ రెండు తీర్పుల నడుమ టెలిఫోనును గూర్చి రెండు ముఖ్యములైన తీర్పులు వచ్చినవి. 1972 లో మల్కానీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, నిరపరాధి సంభాషణమును న్యాయస్థానములు రక్షించునుగాని, అపరాధి పోలీసునుండి తప్పించుకొనుటకు ఆ రక్షణ కాదని చెప్పెను. వినుటకు సొంపైన మాటయే. కాని అపరాధి యెవడో తేలునది తీర్పునాడు. చెవి యొగ్గునది కేసునకు ముందు. రెండవది 1996 నాటిది. రాజకీయనాయకుల టెలిఫోనులను విన్న రీతిని గూర్చిన సి.బి.ఐ. నివేదిక 1991 లో ‘మెయిన్‌స్ట్రీమ్’ పత్రికలో వెలువడగా, పౌరస్వేచ్ఛల ప్రజాసంఘమువారు సుప్రీముకోర్టు నాశ్రయించిరి. న్యాయమూర్తులు కులదీప్ సింగు, సగీర్ అహమదుగార్లు 1996 డిసెంబరు 18 న తీర్పు చెప్పుచు, టెలిఫోను సంభాషణము మనుష్యుని యాంతరంగిక జీవితములో భాగమని యంగీకరించిరి. ప్రజాపద యనునది రహస్యముగ దాగియుండునది కాదు, తెలివిగలవాని కెవనికైనను కానవచ్చునది యని విశదపఱచిరి. ముందుగ న్యాయమూర్తి యనుమతి యుండవలెనని వాదులు కోరిరి. చట్టములో నట్టిది లేనందున తామాజ్ఞాపింపలేమని న్యాయమూర్తులు చెప్పి, బదులుగ కొన్ని నియమముల నేర్పఱచిరి. హోము కార్యదర్శి ఉత్తరువీయవలెను. అది రెండు నెలలు చెల్లును, పొడిగించినను ఆఱు నెలలు మించరాదు. మఱికొందఱు కార్యదర్శుల సంఘము దానిని పునఃపరిశీలింపవలెను. అక్కఱతీరినవానిని నాశనము చేయవలెను. 2007 నాటి నియమములు వీనినే స్థిరపఱచినవి. 2024 డిసెంబరులో ప్రకటించిన క్రొత్త నియమములును స్థూలముగ నీ బాటనే నడచినవి.

ఇట అడుగువారు ప్రభుత్వోద్యోగులు. ఇచ్చువారు ప్రభుత్వోద్యోగులు. ఇచ్చినది సరియా యని చూచువారును ప్రభుత్వోద్యోగులే. వారు చెడ్డవారని నేననను. వారికి తీరిక యున్నదా యని మాత్రమడుగుదును. విశ్రాంత న్యాయమూర్తి శ్రీకృష్ణగారి యధ్యక్షతను గల నిపుణసంఘము 2018 లో ఒసంగిన నివేదికలో, రెండు నెలల కొకసారి కూడు కేంద్ర పునఃపరిశీలన సంఘము ముందునకు ఒక్కొక్క సమావేశమున 15,000 నుండి 18,000 వఱకు ఉత్తరువులు వచ్చునని చెప్పినది. లెక్క వేయుడు. సంఘమువారు అన్నపానములు మాని పది గంటలు కూర్చున్నను, 15,000 ఉత్తరువులలో నొక్కొక్కదానికి రెండున్నర సెకండ్లు కూడ దక్కవు. పేరు చదువుటకే చాలదు, కారణమెప్పుడు చదువవలెను?

ఇక మూడవ ప్రశ్నకు వత్తును. మన దేశమున ఫోను విన్న సంగతి విన్నవారి మాటవలన బయటపడదు; మఱి యెట్లు బయటపడుచున్నది? ఒకటి, ఎవరో లోపలినుండి వెళ్లగ్రక్కినపుడు. 1988 లో కర్ణాటకమున రామకృష్ణ హెగ్డేగారు ముఖ్యమంత్రిపదవిని విడువవలసివచ్చిన గొడవయు, పైని చెప్పిన 1991 నాటి నివేదికయు అట్లు పొక్కినవే. రెండు, ప్రభుత్వము మాఱినపుడు. మూడు, పోలీసువారే కేసు పెట్టి, విన్న మాటలను సాక్ష్యముగ న్యాయస్థానమున దాఖలు చేసినపుడు. హైకోర్టులు ఉత్తరువులను పరీక్షించిన వ్యాజ్యములలో పెక్కింటికి ఈ మూడవ ద్వారమే దారి. ఎవరి మాటలు విని, ఏమియు దొరకక, కేసు పెట్టక విడిచిరో, అట్టి నిరపరాధి చిరకాలమునకును ఎఱుగడు. ఎఱుగనివాడు వ్యాజ్యము వేయలేడు. 1972 లో సుప్రీముకోర్టు నిరపరాధికి వాగ్దానము చేసిన రక్షణ ఆ నిరపరాధికే చేరుట లేదు.

మన తెలుగునాటనే యొక యుదాహరణము కలదు. మావోయిస్టులపై నిఘాకై యేర్పఱచిన పరికరములతో ప్రతిపక్షనాయకుల, పత్రికలవారి, వర్తకుల ఫోనులను వినిరనియు, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితములు వెలువడినంతనే ఆ హార్డుడిస్కులను ధ్వంసము చేసి మూసీనదిలో పాఱవైచిరనియు అభియోగముతో 2024 మార్చిలో హైదరాబాదు పోలీసువారు కేసు నమోదు చేసిరి. కొందఱు పోలీసు అధికారులే నిందితులైరి. ఒక న్యాయమూర్తి ఫోనును సైతము వినిరను వార్తపై తెలంగాణ హైకోర్టు 2024 లో తానై విచారణ చేపట్టెను. ఈ యభియోగములు నిజమో కాదో నిర్ణయించుట న్యాయస్థానముల పని. నేను దానిలో తల దూర్చను. నే నడుగునది యొక్కటి. ఈ కేసు పునఃపరిశీలన సంఘమువారి పరిశీలనవలన పుట్టినదా? కాదు. ఎన్నికలలో నధికారము చేతులు మాఱకున్నచో ఆ డిస్కుల మాట ఎవరి చెవినైనను పడెడిదా?

రికార్డులను నాశనము చేయవలెనను నియమమును గూర్చి యిచ్చట నొక మాట. అది ప్రజల గోప్యతను కాపాడుటకై పుట్టినది, మంచి నియమమే. కాని వినబడినవానికి చెప్పకయే నాశనము చేసినచో, అది వినబడినవానికంటె విన్నవానికే యెక్కువ రక్షణమగును. తప్పు చేసినట్లు చూపు కాగితము కూడ చట్టప్రకారమే బూడిదయగును.

ఇతరదేశములవా రీ చిక్కు నెట్లు విడదీసికొనిరో చూడవలెనన్న అమెరికాను చూడవలెను. అచ్చట మద్యనిషేధము అమలునందున్న దినములలో, సియాటిల్ నగరమున ఓల్మ్‌స్టెడ్ అను మాజీ పోలీసు ఉద్యోగి సారా వ్యాపారము పెద్దయెత్తున నడపుచుండెను. ప్రభుత్వోద్యోగులు అతని యింట కాలుపెట్టలేదు. వీధిలోని తీగలకు తమ తీగలను తగిలించి నెలల తరబడి వినిరి. వ్రాసికొన్నది టైపుచేయగా 775 పుటలైనది. ఇల్లు చొరలేదు గావున సోదా జరుగనేలేదని 1928 లో అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, నలుగురు కాదనిరి. ఆ నలుగురిలో బ్రాండైస్‌గారు, ప్రభుత్వమే చట్టము నతిక్రమించినచో ప్రజలకు చట్టమునెడ గౌరవము నశించునని హెచ్చరించిరి. 1967 లో, బహిరంగస్థలమున నుండు టెలిఫోను పెట్టెలో మాటాడినవాని కేసున ఆ తీర్పు కొట్టుపడినది. మఱుసటి యేడే అచ్చటి కాంగ్రెసు చట్టము చేసినది. పోలీసువారు న్యాయమూర్తికి ప్రమాణపూర్వకముగ దరఖాస్తు పెట్టవలెను. ఇతరమార్గములు ఏల పనికిరావో చెప్పవలెను. ఉత్తరువు ముప్పది దినములు చెల్లును. కేసుతో పొత్తులేని మాటలను వీలైనంత వఱకు వినకుండవలెను. వినుట ముగిసిన తొంబది దినములలో, న్యాయమూర్తి తగిన కారణముచేత వాయిదా వేసిన తప్ప, నీ మాటలు వింటిమని యాతనికి నోటీసు పంపవలెను. ఎన్ని యుత్తరువులు పుట్టినవో యేటేట లెక్క ప్రచురింపవలెను. ఆ దేశపు గూఢచారశాఖలు ఈ చట్టముయొక్క గోడలను దూకిన కథలు లేకపోలేదు. అమెరికా మనకు గురుపీఠమని నేననుట లేదు. ఒక సామాన్యుని చేతికి కాగితమిచ్చు పద్ధతివలన పోలీసుపని మూలబడలేదనుటకే యీ యుదాహరణము.

మన హైకోర్టులలో చిక్కు ముదురుచున్నది. 2019 లో బొంబాయి హైకోర్టు ఒక లంచపుకేసులో మూడు ఉత్తరువులను కొట్టివేసి, విన్నవానిని నాశనము చేయుమనెను. లంచము నేరమే కాని అది ప్రజాపద కాదనెను. 2025 జూలైలో మదరాసు హైకోర్టు, 2011 నాటి యొక ఉత్తరువును గూర్చి యించుమించుగ నిట్లే తీర్పు చెప్పెను. దానికి కొన్ని దినములకు ముందే ఢిల్లీ హైకోర్టు, లంచగొండితనము దేశపు ఆర్థికస్థితినే చెఱచును గావున ప్రజాక్షేమము క్రిందికి రావచ్చునని యొక కేసున ఉత్తరువును నిలిపెను. లంచగొండులపై నాకు కనికరము లేదు. మీకును ఉండదని యెఱుగుదును. కాని ప్రజాక్షేమమను మాటను లంచము వఱకు సాగలాగినచో, ఱేపు దొంగతనము వఱకును, ఎల్లుండి ఒక సమ్మె వఱకును అది సాగదని హామీ యెవరిచ్చెదరు? లంచపుకేసులలో వినుట యవసరమని ప్రభుత్వము నిజముగ తలచినచో, పార్లమెంటునకు వచ్చి ఆ మాటను చట్టములో వ్రాయించి, ఏ నేరములకో పేర్కొని, న్యాయమూర్తి యనుమతిని జతపఱుపవలెను.

సాక్ష్యము సంగతి యింతకంటె విపరీతము. పార్లమెంటుపై జరిగిన దాడి కేసులో 2005 లో సుప్రీముకోర్టు, నియమములను తప్పి విన్నను ఆ కారణముచేతనే సాక్ష్యము పనికిరాకపోదని చెప్పెను. అది ఘోరమైన కేసు. ఘోరమైన కేసుకై చెప్పిన మాట చిన్నకేసులకును పాఱుట మన యనుభవము. నియమము తప్పినను నష్టము లేనప్పుడు నియమమును పాటించు శ్రమ యేల యని పోలీసు తలచినచో తప్పెవరిది?

దీనికి వచ్చు ఆక్షేపణ యొకటి కలదు. దానిని తేలికగ త్రోసివేయరాదు. బిడ్డ నెత్తుకొనిపోయినవాడు ఫోనుపై బేరమాడుచున్నాడు. బాంబు పెట్టబోవువాడు మాటాడుచున్నాడు. అట్టివేళ న్యాయమూర్తిని వెదకుచు కూర్చుందుమా? కూర్చుండనక్కఱలేదు. 2007 నాటి నియమములలోనే అత్యవసరమున శాఖాధికారి తానే వినుట నారంభించి, మూడు పనిదినములలో తెలియజేసి, ఏడు పనిదినములలో అనుమతి పొందవచ్చునని యుండెను. అనుమతి నిచ్చువారు కార్యదర్శికి బదులు జిల్లా జడ్జీ యైన కొంప మునుగునా? పట్టుబడినవానిని ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటునెదుట నిలుపవలెనని రాజ్యాంగము శాసించినది. ఆదివారమైనను, అర్ధరాత్రమైనను మేజిస్ట్రేటు ఇంటికి పోయి రిమాండు పుచ్చుకొనుచున్న పోలీసువారికి జడ్జీ యిల్లు తెలియదనుట నమ్మదగిన మాట కాదు. సెక్రటేరియటుకంటె అది దగ్గఱ కూడ.

నోటీసు విషయమున ఇంకొక సందేహము. ఫోను విన్నామని చెప్పిన నేరగాడు జాగ్రత్తపడడా? వినుచుండగా చెప్పుమని యెవరు కోరుచున్నారు? పరిశోధన ముగిసిన పిదప, లేదా కేసు విడిచిన పిదప, జడ్జీ గడువు పొడిగింపని యెడల, ఇన్ని దినములు నీ సంభాషణము వింటిమి, ఇందుచే వింటిమి, రికార్డు నీ దినమున నాశనము చేయుదుమని ఒక కాగితము. ఇంటిని సోదా చేసినవాడు ఇచ్చు పట్టికవంటిదే. దేశభద్రతకు సంబంధించిన కొలది కేసులలో జడ్జీ దానిని ఆపుగాక. కాని ఆపుట మినహాయింపుగ నుండవలెను.

ఇదియంతయు పార్లమెంటు చేయవలసిన పని, ఒకనాటిలో కాదు. అంతవఱకు మనము చేయగలది యొకటి కలదు. టెలిఫోను వినుటకు మన రాష్ట్రపు హోము కార్యదర్శి గడచిన సంవత్సరమున నెన్ని యుత్తరువు లిచ్చెను, వానిలో పునఃపరిశీలన సంఘము రద్దుచేసినవెన్ని, అను ప్రశ్నను శాసనసభలో నడుగుడని మీ మీ ప్రతినిధులకు వ్రాయుడు. ఎవరి పేరును వెల్లడింపనక్కఱలేదు, ఏ కేసును చెఱుపనక్కఱలేదు. రెండు అంకెలు చాలును. ఈ పఠనమందిరపు కార్యదర్శిగారు ఆ విన్నపమునకు చిత్తుప్రతిని వ్రాయుట కంగీకరించినారు. సంతకము చేయదలచినవారు ఇప్పుడే వారిని కలిసికొనవచ్చును.